షా కమిషనా, 44వ సవరణా: జనతా ప్రభుత్వం చేసిన పనుల్లో ఏది మేలు?

జనతా ప్రభుత్వం అనగానే గుర్తొచ్చేది కుర్చీ తగాదాలే. 1977 మార్చి 24న మొరార్జీ దేశాయి ప్రమాణం చేశారు, 1979 జూలైలో రాజీనామా చేశారు. అయితే అంతకుముందు ఇందిరా గాంధీ ప్రభుత్వం పెట్టిన 21 నెలల ఎమర్జెన్సీ గాయం మానడానికి ఆ కొద్దికాలంలోనే రెండు ప్రయత్నాలు జరిగాయి. ఒకటి జరిగిన తప్పులను విచారించడం, రెండోది రాజ్యాంగాన్ని సరిదిద్దడం.

విచారణే ముందు మొదలైంది. మాజీ ప్రధాన న్యాయమూర్తి జె.సి. షా నేతృత్వంలో 1977 మేలో కమిషన్ ఏర్పడింది. ఢిల్లీ పత్రికలకు రాత్రికి రాత్రి కరెంటు ఆపించడం, తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్ల కూల్చివేతలు, బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు అన్నీ బహిరంగంగా చర్చకు వచ్చాయి. నోరు మూయించినవారికి అక్కడ మాట దొరికింది. అది చిన్న విషయం కాదు. కానీ ఇందిరా గాంధీ కమిషన్ ముందు ప్రమాణం చేయడానికే నిరాకరించారు. వేరే ఆరోపణలపై 1977 అక్టోబరులో ఆమెను అరెస్టు చేస్తే మర్నాడే విడుదలయ్యారు. తొందరపాటు ఆమెకు సానుభూతిగా మారింది. 1980 జనవరిలో ఆమె మళ్లీ ప్రధాని.

1978 నాటి 44వ సవరణకు అంత సందడి లేదు. రాజ్యసభలో కాంగ్రెస్ బలంగా ఉంది కాబట్టి ప్రత్యర్థిని ఒప్పించక తప్పలేదు. నా దృష్టిలో దాని బలం అక్కడే ఉంది. అవతలి పక్షం కూడా ఓటేసిన నియమాన్ని, వాళ్లు తిరిగొచ్చాక తీసిపారేయడం కష్టం. ఎమర్జెన్సీ పెట్టడానికి ‘అంతర్గత కల్లోలం’ అనే సాకు పోయి ‘సాయుధ తిరుగుబాటు’ వచ్చింది. మంత్రివర్గం రాతపూర్వకంగా సలహా ఇస్తేనే రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించాలి, నెలలోగా పార్లమెంటు మూడింట రెండొంతుల మెజారిటీతో ఆమోదించాలి. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణను ఎమర్జెన్సీలో కూడా ఆపడానికి వీల్లేదు. 1976లో సుప్రీంకోర్టు 4-1 తేడాతో, ఎమర్జెన్సీలో నిర్బంధితులకు కోర్టు తలుపు తట్టే హక్కు లేదని చెప్పింది. ఒక్క హెచ్.ఆర్. ఖన్నాయే కాదన్నారు. అది తెలిసినవారికి ఈ మార్పు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే నేను సవరణ వైపే మొగ్గుతాను. విచారణ గెలవాలంటే ప్రభుత్వం బతకాలి. సవరణ మాత్రం దాన్ని తెచ్చిన ప్రభుత్వం కూలినా నిలిచింది.

అయినా ఒక లోటు నన్ను బాధిస్తుంది. కోర్టు విచారణ లేని నిర్బంధాన్ని కట్టడి చేస్తూ అదే సవరణలో 3వ సెక్షన్ రాశారు. అమలు తేదీ ప్రకటించే పని ప్రభుత్వానికి వదిలారు. జనతా ప్రభుత్వం ఆ పని చేయకుండానే దిగిపోయింది, తర్వాత వచ్చిన ఏ పార్టీ ప్రభుత్వమూ చేయలేదు.