ఎగిరినందుకు మార్కులు లేవు: సూపర్‌హీరో సినిమాలకి నా ర్యాంకులు

ముందే చెప్పేస్తున్నా, నా మొదటి ఐదులో అవెంజర్స్ ఎండ్‌గేమ్ లేదు. బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌లో ఈ మాట అన్నందుకు పెద్ద గొడవే అయింది, ఒకడైతే రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అయినా మాట మార్చను.

ఎందుకంటే మనం తెలుగువాళ్లం. ఒంటి చేత్తో యాభై మందిని కొట్టేవాణ్ణి చూసి నోరెళ్లబెట్టడానికి మనకి హాలీవుడ్ అక్కర్లేదు. తొడ కొడితే రైలు వెనక్కి వెళ్లిన సినిమా చూసి పెరిగినవాళ్లం, ఆ హీరోని సాలీడు కుట్టిందా, వేరే గ్రహం నుంచి వచ్చాడా అని ఎవరూ అడగలేదు. ఎన్టీఆర్ 1980లోనే 'సూపర్‌మ్యాన్' అనే పేరుతో సినిమా చేసేశారు, అందులో శక్తి ఇచ్చేది ఆంజనేయస్వామి. కాబట్టి ఎవడు ఎంత ఎత్తు ఎగిరాడు, ఎన్ని బిల్డింగులు కూలాయి అన్నదానికి నా దగ్గర మార్కులు లేవు. అంత పవర్ ఉండి కూడా వాడి వల్ల కానిదేంటి, దాని కోసం వాడు ఏం పోగొట్టుకున్నాడు, విలన్ కోపంలో కాస్తయినా న్యాయం ఉందా, నేను చూసేవి ఇవే.

ఈ లెక్కన మొదటి ర్యాంకు స్పైడర్‌మ్యాన్ 2 కి. 2004 లో వచ్చింది, శామ్ రైమీ డైరెక్షన్, టోబీ మగ్వైర్ హీరో. బెంగళూరులో అద్దెకుంటూ ఉద్యోగం చేసే ఎవరికైనా ఇది తమ సినిమాలాగే అనిపిస్తుంది, నేను సరదాకి అనడం లేదు. సినిమా మొదలవడమే పీటర్, అంటే ముసుగు లేని స్పైడర్‌మ్యాన్, పిజ్జా డెలివరీ చేస్తూ కనిపిస్తాడు, 29 నిమిషాల్లో ఇవ్వాలి, దారిలో పిల్లల్ని కాపాడి లేటయ్యాడు, ఉద్యోగం పోయింది. ఔటర్ రింగ్ రోడ్డులో వానలో తడుస్తూ ఫోన్‌లో టైమ్ చూసుకునే డెలివరీ కుర్రాళ్లని చూసిన ప్రతిసారీ నాకు ఆ సీనే గుర్తొస్తుంది. ఇంటి ఓనర్ తలుపు తీయగానే అద్దె అని అరుస్తాడు. పెంచిన పెద్దమ్మకి బ్యాంకు లోన్ ఇవ్వదు. కాలేజీలో మార్కులు పడిపోతున్నాయి, ప్రేమించిన అమ్మాయి నాటకానికి టైమ్‌కి వెళ్లలేకపోయాడు. స్పైడర్‌మ్యాన్ డ్రెస్ మిగతా బట్టలతో కలిపి మెషిన్‌లో వేస్తే రంగు కారి తెల్లబట్టలన్నీ పాడవుతాయి. ఊరంతటినీ కాపాడేవాడికి జేబులో డబ్బుల్లేవు, అదీ కథ.

మధ్యలో వాడి పవర్ పోతుంది. ఎవరూ లాక్కోలేదు, అలిసిపోయి దానంతట అదే పోతుంది. లిఫ్ట్‌లో స్పైడర్‌మ్యాన్ వేషంలో నిలబడి పక్కనున్నాయనతో డ్రెస్ కొంచెం దురద పెడుతుందని చెప్పే సీన్ చూసి నవ్వుతాం, రెండు నిమిషాలయ్యాక గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఇక రైలు సీన్. రైలును ఆపి స్పృహ తప్పిన వాణ్ణి ప్రయాణికులు చేతుల మీదుగా లోపలికి తీసుకెళ్లి పడుకోబెడతారు, ముసుగు లేదు, మొహం చూసి వీడు మన పిల్లాడి వయసువాడే కదా అనుకుంటారు. తర్వాత వచ్చిన ఏ సినిమాలోనూ సూపర్‌హీరోకీ జనానికీ మధ్య అంత దగ్గరతనం నాకు కనపడలేదు. ఆక్టోపస్ విలన్‌గా ఆల్ఫ్రెడ్ మోలినా కూడా చెడ్డవాడేం కాదు, మంచి సైంటిస్టు, భార్యని పోగొట్టుకున్నవాడు. గ్రాఫిక్స్‌కి ఆస్కార్ వచ్చిన సినిమా ఇది, కానీ గ్రాఫిక్స్ తీసేసినా కథ నిలబడుతుంది.

రెండోది ది డార్క్ నైట్, 2008, నోలన్ తీసిన బ్యాట్‌మ్యాన్ సినిమా. దీన్ని మొదట పెట్టలేదని తిట్టేవాళ్లు ఇక్కడే తిట్టుకోండి. విలన్ జోకర్‌గా హీత్ లెడ్జర్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, సినిమా జులైలో రిలీజైతే ఆయన జనవరిలోనే పోయారు, మరుసటి ఏడాది ఆస్కార్ ఆయన కుటుంబం అందుకుంది. నాకు నచ్చింది రెండు పడవల సీన్. ఒక దాంట్లో ఖైదీలు, ఇంకోదాంట్లో మామూలు జనం, ఎదుటి పడవని పేల్చే మీట వీళ్ల చేతిలో, వీళ్ల పడవది వాళ్ల చేతిలో. అర్ధరాత్రి లోపు ఎవరో ఒకరు నొక్కాలి, లేదంటే రెండూ పోతాయి. ఒక భారీ ఖైదీ వచ్చి ఆ మీట తీసుకుని కిటికీలోంచి పారేస్తాడు. జోకర్ ఆ సినిమాలో నిజంగా ఓడిపోయేది అక్కడే, బ్యాట్‌మ్యాన్ చేతిలో కాదు. మరి రెండో స్థానం ఎందుకంటే ఫైట్లలో ఎవరు ఎవర్ని కొడుతున్నారో సగం సేపు తెలియదు, ఊళ్లో అందరి ఫోన్లతో మ్యాప్ గీసే వ్యవహారం నాకు ఎప్పుడూ ఎక్కలేదు. పైగా బ్యాట్‌మ్యాన్ అసలు మనిషి బ్రూస్ వేన్ కోటీశ్వరుడు, అద్దె టెన్షన్ లేదు.

మూడో స్థానంలో మిన్నల్ మురళి చూసి నవ్వేవాళ్లు ఆ సినిమా చూడనివాళ్లే అయ్యుంటారు. 2021 క్రిస్మస్ ముందు రోజు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, బాసిల్ జోసెఫ్ డైరెక్షన్. కేరళలో ఓ పల్లెటూరు, అమెరికా వెళ్లిపోదామని చూసే జైసన్ అనే టైలరు, టీ కొట్లో పనిచేసే షిబు. ఒకే రాత్రి ఇద్దరి మీదా పిడుగు పడుతుంది, ఇద్దరికీ ఒకే శక్తి వస్తుంది. జైసన్‌ని తిట్టినా కొట్టినా ఊరు మనవాడే అనుకుంటుంది. షిబుని ఎప్పుడూ పిచ్చోడు అనే అంది. ఇద్దరి మధ్య తేడా అంతే, ఆ తేడాలోంచే ఒకడు హీరో, ఒకడు విలన్ అయ్యారు. గురు సోమసుందరం షిబుగా చేశాడని అనడం తక్కువే. ఏళ్ల తరబడి ఒక్క ఆడమనిషి కోసం కాచుకున్నవాడి మొహంలో ఆమె సరేనన్న క్షణంలో వచ్చే మార్పు చూడండి, పెద్ద పెద్ద బడ్జెట్లు పెట్టినా అది కొనలేరు. ఆమెని ఊరు వాడికి దక్కనివ్వలేదు, ఆ తర్వాత వాడు చేసేదంతా తప్పే, కానీ వాడి మీద కోపం రాదు. తెలుగు డబ్బింగ్ బాగానే ఉంది, అయినా మలయాళంలో సబ్‌టైటిల్స్‌తో చూడమంటాను, సోమసుందరం గొంతు ఆయనదే వినాలి.

నాలుగు, ఐదు త్వరగా చెప్పేస్తా. స్పైడర్‌మ్యాన్ ఇన్‌టు ది స్పైడర్‌వర్స్, 2018, యానిమేషన్‌కి ఆస్కార్ వచ్చింది. ఇందులో కొత్త స్పైడర్‌మ్యాన్ మైల్స్ ఇంకా నేర్చుకుంటున్నప్పుడు వాడి కదలికని సెకనుకి 12 బొమ్మలతో గీశారు, పక్కన అనుభవం ఉన్న పీటర్‌కి 24, అందుకే వాడు తడబడుతున్నట్టు మన కంటికి తెలుస్తుంది, కారణం తెలియకపోయినా సరే. పిల్లల బొమ్మల సినిమా అని వదిలేసినవాళ్లు చాలా నష్టపోయారు. 2023 లో వచ్చిన రెండో భాగం ఇంకా అందంగా ఉంటుంది, కాకపోతే కథ సగంలో ఆపేసి ఇంటికి పంపిస్తారు. ఐదోది 2017 నాటి లోగన్. ఎక్స్‌మెన్ సినిమాల హీరో వుల్వరిన్ ముసలివాడై కారు డ్రైవర్‌గా బతుకుతూ మతి తప్పుతున్న తన గురువుకి మందులు కొనిపెడుతుంటాడు. ఆ వేషం వేసే హ్యూ జాక్‌మన్ అక్కడితో ఆపేసి ఉంటే ఎంత బాగుండేదో, 2024 లో డెడ్‌పూల్‌తో మళ్లీ వచ్చాడు, నవ్వాను, కానీ మనసులో తిట్టుకుంటూనే నవ్వాను.

ఇక 2025 ఓనమ్‌కి వచ్చిన లోకా గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి, తెలుగులో 'కొత్త లోక' పేరుతో వచ్చింది. డొమినిక్ అరుణ్ తీశాడు, కళ్యాణి ప్రియదర్శన్ హీరో, హీరోయిన్ అనకూడదు ఇక్కడ. కథ మన ఊళ్లోనే, బెంగళూరులో. కేరళ జానపద కథల్లోని కళియంకాట్టు నీలి అనే యక్షి, అంటే రక్తం తాగే ఆడదయ్యం లాంటిది, ఈ కాలానికి వచ్చి రాత్రి షిఫ్టులో కేఫ్‌లో పనిచేస్తూ ఒక ఫ్లాట్‌లో అద్దెకి ఉంటుంది. ఆలోచిస్తే పగలు బయటికి రాలేని మనిషి దాక్కోవడానికి ఈ ఊరికంటే మంచి చోటు ఏముంది, పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో మూడేళ్లున్నా తెలియదు. ఎదురు ఫ్లాట్ కుర్రాళ్లు బాల్కనీలోంచి తొంగి చూడటం, ఏదో సాకు పెట్టుకుని వెళ్లి మాట కలపడం, ఇవన్నీ ఎవరో బాగా తెలిసినవాళ్లు రాసినట్టున్నాయి. ఇంటర్వెల్ దాకా నా దృష్టిలో ఇది మొదటి ఐదులోకి వచ్చే సినిమా. ఆ తర్వాత రాబోయే భాగాలకి పునాదులు వేయడంలో పడిపోయింది, అతిథి పాత్రలు ఒకరి తర్వాత ఒకరు దిగుతుంటే హాల్లో ఈలలు, నాకేమో కథ ఎటుపోయిందా అని చిరాకు. విలన్ ఇన్‌స్పెక్టర్‌గా డ్యాన్స్ మాస్టర్ శాండీ భయపెడతాడు, కానీ ఆడవాళ్లంటే ద్వేషం తప్ప ఇంకేం లేదు వాడిలో. ఆరో స్థానం.

హనుమాన్‌కి ఏడు. 2024 సంక్రాంతికి పెద్ద సినిమాల మధ్య థియేటర్లు కూడా సరిగ్గా దొరక్క వచ్చి నిలబడింది, ప్రశాంత్ వర్మకి ఆ ధైర్యానికి దండం. హీరోకి శక్తినిచ్చే మణి ఎండ ఉన్నప్పుడే పనిచేస్తుందన్న షరతు చాలా మంచి ఆలోచన, హీరోకి ఏది చేతకాదో ముందే గీత గీసి చెప్పారు. సూపర్‌హీరోలందరికీ తల్లిదండ్రులు లేరు కాబట్టి నాకూ ఉండకూడదని చిన్నప్పుడే ఇంటికి నిప్పు పెట్టిన విలన్ కూడా అదిరిపోయే ఆలోచనే. పెద్దయ్యాక మాత్రం వాడు సూటు వేసుకుని తిరిగే మామూలు విలన్ అయిపోయాడు. చివరి ఇరవై నిమిషాలకి ఒళ్లు గగుర్పొడుస్తుంది, అది సినిమా బలమా, స్వామి మీద మన భక్తి బలమా అని నన్ను అడక్కండి.

ఎండ్‌గేమ్ సంగతి. మార్వెల్ వాళ్ల వరసలో 22వ సినిమా అది, ముందున్న 21 చూసినవాడికి పండగ, చూడనివాడికి తెలియని ఊళ్లో పెళ్లి. దానికంటే ముందు ఏడాది వచ్చిన ఇన్ఫినిటీ వార్ నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అందులో అసలు హీరో విలన్ థానోసే, తనకి కావలసింది సాధించి పోయి తీరిగ్గా కూర్చుంటాడు. తెలుగులో వాడికి రానా డబ్బింగ్ చెప్పాడు, బాగా కుదిరింది. ఎనిమిదో స్థానం ఇన్ఫినిటీ వార్‌కి ఇచ్చి ఎండ్‌గేమ్‌ని తొమ్మిదిలో పెడుతున్నా, మా ఫ్లాట్‌లో శాంతి కోసం. పదిలో 1978 సూపర్‌మ్యాన్. కాలాన్ని వెనక్కి తిప్పడానికి భూమినే వెనక్కి తిప్పుతాడు, మన మాస్ సినిమాలకి పెద్దన్నయ్యలాంటి లాజిక్, అయినా క్రిస్టఫర్ రీవ్ కళ్లద్దాలు తీసి నడుం నిటారుగా పెట్టగానే వేరే మనిషైపోవడం ఇప్పటికీ నమ్మాలనిపిస్తుంది. మోర్బియస్, మేడమ్ వెబ్ లాంటివి లిస్టు చివర్లో పెట్టడానికి కూడా ఓపిక లేదు.

వీటిలో ఏదైనా రీరిలీజ్ అయితే డార్క్ నైట్, స్పైడర్‌వర్స్ మాత్రం తప్పకుండా పెద్ద తెరమీద చూడండి. పాతకాలం థియేటర్‌లో చూడాలనుంటే లాల్‌బాగ్ వైపు ఊర్వశి ఇంకా ఉంది, బ్రిగేడ్ రోడ్డులో ఇంగ్లిష్ సినిమాలకి పేరున్న రెక్స్ ఎప్పుడో మూతపడింది. మా వైపు ఒక మల్టీప్లెక్స్‌లో ప్రొజెక్టర్ వెలుతురు ఎంత తక్కువంటే లోకాలో రాత్రి సీన్లన్నీ చెవులతో చూశాం, పాప్‌కార్న్ రేటు మాత్రం చీకట్లో కూడా స్పష్టంగా కనిపించింది. మిన్నల్ మురళికి, లోగన్‌కి ఇంట్లో టీవీ చాలు.