పాత సిల్వర్ సిమెంటు విషమని తీసేసే క్లినిక్‌తో జాగ్రత్త

మెట్రో దారి పొడవునా ఫ్రీ చెకప్, ఫ్రీ ఎక్స్‌రే అని ఫ్లెక్సీలు కట్టిన పళ్ల క్లినిక్ తెలుసుగా, ఆ అద్దాల బిల్డింగు. పేరు రాస్తే లీగల్ నోటీసంటారు, రాయను. నేను వెళ్లింది క్లీనింగ్‌కి. నొప్పి లేదు, జివ్వుమనడం లేదు. కింది దవడ పళ్లలో రెండింటికి ఇంటర్ రోజుల్లో పెట్టించిన సిల్వర్ సిమెంటు ఉంది. అన్నేళ్లూ చెరుకులు నమిలాను, చేగోడీలు కొరికాను, కిక్కురుమనలేదు.

ఎక్స్‌రే తీశారు. తర్వాత నోట్లో కెమెరా పెట్టి గోడ మీద టీవీలో నా పన్నుని పుచ్చకాయంత చేసి చూపించారు. "చూడండి మేడమ్, ఎంత నల్లగా ఉందో. ఇందులో సగం మెర్క్యురీ. యూరప్‌లో బ్యాన్ చేశారు. మీరింకా విషం నోట్లో పెట్టుకుని తిరుగుతున్నారు." నాకు థైరాయిడ్ ఉందంటే, అదీ దీనివల్లే కావచ్చని ఒక రాయి వేశారు. ఈరోజే చేయించుకుంటే రెండు పళ్లకీ కలిపి 5,000. సంతకం పెట్టేశాను, మహా చదువుకున్నదాన్ని కదా.

ఇక డ్రిల్లింగ్. పంటి చుట్టూ రబ్బరు షీటు లేదు. సక్షన్ గొట్టం పట్టుకున్న అమ్మాయికి ఒక కన్ను ఫోన్ మీదే. బూడిదరంగు ముక్కలు నాలుక మీద పడుతున్నాయి, నోరంతా ఇనప రుచి. విషం అన్నవాళ్లే దాన్ని పొడి చేసి నా నోట్లో చల్లారు!

వారం తిరక్కుండా ఎడమ పన్ను మొదలుపెట్టింది. ముందు చల్లనీళ్లకి జివ్వుమనడం, తర్వాత రాత్రిళ్లు చెవి దాకా పోట్లు. వెళ్తే నరం దాకా వెళ్లిందట, రూట్ కెనాల్, క్యాప్, 14,000. బాగున్న పన్నే కదండీ అన్నాను. డాక్టరుగారు గ్లవ్స్ తీసుకుంటూ, నా మొహం కూడా చూడకుండా, "మీ పన్నే వీక్ మేడమ్. మేమేం చేస్తాం? సంతకం పెట్టారుగా" అని, అసిస్టెంటు వైపు తిరిగి "నెక్స్ట్" అన్నాడు. ఆ నెక్స్ట్ ఉంది చూశారూ... చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. చెంప ఎలాగూ వాచే ఉంది, అది వేరే సంగతి.

మా కాలనీలో ఒక పెద్ద డాక్టరుగారున్నారు. మొదటిరోజు ఎక్స్‌రే ఆయనకి చూపించాను. "అంచు శుభ్రంగా ఉంది, సిమెంటు కింద పుప్పి నీడ కూడా లేదు. ఎందుకు తీయించావమ్మా?" టీవీలో చూపించారండీ అని చెప్పాలా?

ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదివిందీ ఒకటే. బాగున్న సిల్వర్ సిమెంటుని ఊరికే తీయించొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2020లోనే చెప్పింది. తొలిచేటప్పుడు మంచి పన్నూ కొంత పోతుంది, పాదరసం ఆవిరి కూడా ఆ కాసేపే ఎక్కువవుతుంది. కడుపుతో ఉన్నవాళ్లకి, ఆరేళ్లలోపు పిల్లలకి, కిడ్నీ జబ్బున్నవాళ్లకి, ఇలాంటి ఇంకొందరికి వీలైనంతవరకు కొత్తగా పెట్టొద్దంది, అంతే. యూరోపియన్ యూనియన్‌లో బ్యాన్ నిజమే, 2025 జనవరి 1 నుంచి, కొన్ని మినహాయింపులతో. కానీ అది కొత్తగా పెట్టడం మీద, అదీ ప్రధానంగా నీళ్లలో, గాలిలో పాదరసం కలవకుండా ఉండడానికి. ఉన్నవి పీకించుకోమని ఎవరూ అనలేదు. "కొత్తగా" అన్న ఒక్క మాట మింగేసి నాకు 5,000 బిల్లు వేశారు.

సిమెంటు పగిలినా, అంచు లేచినా, కింద పుప్పి పట్టినా మార్చాల్సిందే, కాదనను. ఆ పుప్పి ఎక్కడుందో ఎక్స్‌రే మీద వేలు పెట్టి చూపించమనండి. ఎక్స్‌రేని ఫోన్లో ఫోటో తీసుకోండి. తీయించక తప్పకపోతే రబ్బరు డ్యామ్, అంటే నాకు వేయని ఆ రబ్బరు షీటు, వేస్తారా అని ముందే అడగండి. ఇంకో డాక్టరుకి చూపించి వస్తానంటే ఈరోజు ఆఫర్ పోతుందంటారు. పోతే పోనీండి.