చలికాలం బండి మీద చేతులకు: మందపాటి గ్లవ్సా, హీటెడ్ గ్రిప్సా?

చలిలో బండి నడిపేవాళ్లకు ముందు మొద్దుబారేది వేళ్లే, అవి మాట వినకపోతే బ్రేక్ లివర్ ఎంత నొక్కామో కూడా తెలియదు, నా అసలు భయం అదే. మందపాటి గ్లవ్స్ గాలిని బాగా ఆపుతాయి. కానీ ఇండికేటర్ స్విచ్ కోసం బొటనవేలితో తడుముకోవాల్సిందే, పైగా లోపలిదాకా తడిశాయంటే రాత్రంతా ఆరబెట్టినా తేమ ఓ పట్టాన పోదు.

హీటెడ్ గ్రిప్స్ (కరెంటుతో వేడెక్కే హ్యాండిల్ పిడులు) అరచేతిని వెచ్చగా ఉంచుతాయి, గాలి కొట్టేదేమో చేతి వెనక వైపు, అందుకే హ్యాండ్ గార్డులు (చేతుల ముందు గాలిని అడ్డుకునే కవచాలు) లేకుంటే గ్రిప్స్ సగం పనే చేస్తాయి. 12 వోల్టుల బ్యాటరీ నుంచే కరెంటు లాగుతాయి కాబట్టి ఇంజిన్ ఆపాక ఆన్‌లో వదిలేస్తే పొద్దున బండి స్టార్ట్ కాకపోవచ్చు (ఇగ్నిషన్‌తో పాటే ఆగిపోయేలా రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, పెట్టించుకుంటే ఈ టెన్షన్ ఉండదు). రోజూ అరగంటకు మించి నడిపేవాళ్లయితే నా ఓటు గ్రిప్స్‌కే, ఓ మాదిరి మందం గ్లవ్స్‌తో కలిపి.