బుధవారం టీకాల సెంటర్: నలుగురు పిల్లల్ని తిప్పిన నాయినమ్మ రివ్యూ

ఐదు స్టార్లకు నాలుగు ఇస్తున్న. ఒకటి కోసింది సిస్టరమ్మ పనికి కాదు, కూసునే తావు లేనందుకు. సెంటర్ పేరు రాస్తలేను. మెచ్చుకున్నా తిట్టినా ఆడ పనిచేసేటోళ్లకే తలనొప్పి. వరంగల్‌ల ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం, బుధవారం, శనివారం టీకాలు వేస్తరు, ఆ మాత్రం తెలిస్తే చాలు.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. కొడుకులు, కోడండ్లు పనులకు పోతే పిల్లల్ని దవఖానకు తిప్పుడు నా వంతు. పెద్దకొడుకు పిల్లలిద్దరు, ఒకతి పన్నెండేండ్లది, ఒకడు ఆరేండ్లోడు. చిన్నకొడుకు పోరనికి ఏడాదిన్నర దాటింది. బిడ్డ పురిటికొచ్చి మా దగ్గరనే ఉన్నది, దాని పసిపిల్లకు మూడున్నర నెలలు. నాలుగు తీర్ల వయసులు కాబట్టి ఒక్క సెంటర్‌ను నాలుగు దిక్కులకెల్లి చూసిన.

మంది అడిగేది ఒకటే, సూది మంచిగ వేస్తరా అని. సూది వేసుడు ఎక్కడైనా వేస్తరు. నేను చూసేది కాంటా. పసిపిల్ల బట్టలన్నీ ఇప్పించి, కాంటా మీద గుడ్డ పరిచి, అంకె సున్నాకు తెచ్చి, అప్పుడు పండబెడుతది ఈ సిస్టరమ్మ. ఎండాకాలమైనా చలికాలమైనా అంతే. తూకం చదివి తల్లీబిడ్డల టీకా కార్డుల చుక్క పెడుతది, ఎనుకటి చుక్కకు గీత కలుపుతది. ఆడపిల్లకో పటం, మగపిల్లగానికో పటం వేరే ఉంటయి ఆ కార్డుల. ఆకుపచ్చ రంగు పట్టీల ఉంటే మంచిది, పసుపు పచ్చలకు దిగితే జాగ్రత్త, నారింజ రంగులకు పోతే డాక్టర్ దగ్గరికి.

మా చిన్నకొడుకు పోరడు పచ్చల్నే ఉన్నడు. అయినా సిస్టరమ్మ కార్డు పక్కకు పెట్టలే. "పచ్చల ఉన్నడు గానీ పెద్దమ్మా, గీత చూడు, పన్నెండో నెలకెల్లి పండుకున్నది" అన్నది. నిజమే, మూడు నెలలు గీత పైకి లేవనే లేదు. జరం లేదు, విరేచనాలు లేవు, ఆడుతుండు, ఉరుకుతుండు, మాకు అనుమానమే రాలే. చేతికి టేపు చుట్టి కొలిచింది. పన్నెండున్నర సెంటీమీటర్లు దాటితే ఫికర్ లేదట, పదకొండున్నరకు తక్కువైతే దవఖానల పెట్టి చూడాల్సిన సంగతట. వానిది పదమూడు దాటింది. అప్పుడు అడుగుడు షురూ చేసింది: పొద్దున లేవంగ ఏం పెడతరు, చాయ్ తాగిపిస్తరా, పక్క దుకాణంల ఏం కొంటరు, రాత్రి ఎవరు తినిపిస్తరు. చిన్నకోడలు నా దిక్కు చూసింది, నేను మా ఇంటాయన దిక్కు చూసిన. చాయ్‌ల బిస్కెట్ ముంచి పెట్టేది ఆయనే. ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ కొనిచ్చేది సుత ఆయనే.

చాయ్ బంద్ చేయమన్నది. పప్పుబువ్వల నూనెనో నెయ్యో ఒక చెంచా, రోజుకో గుడ్డు, అంగన్‌వాడీల ఇచ్చే బాలామృతం పారేయకుండ జావ కాసి పెట్టుమన్నది. ఆ రెండున్నర కిలోల ప్యాకెట్‌ను మా వాడల సగం మంది బర్లకు దాణాల కలుపుతరు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. ఐరన్ సిరప్ వారానికి రెండు సార్లు, ఒక మిల్లీలీటరు. మల్ల నెలకు తీసుకురమ్మన్నది. గీత లేచింది. ఏ టానిక్ రాయలే, ఏ పరీక్షకు పంపలే.

ఇదే పోరణ్ని అంతకుముందు హన్మకొండల ఒక ప్రైవేటు పిల్లల క్లినిక్‌కు తీసుకపోయిండ్రు. ఏసీ ఉన్నది, గోడలకు బొమ్మలున్నయి, చేపల డబ్బా ఉన్నది. తూకం మాత్రం స్వెటర్, బూట్లతోటే వేసిండ్రు. వాళ్ల పుస్తకంల రాసుకున్నరు గానీ మా కార్డుల గీత కలుపలే. అడిగితే "ఇది గవర్నమెంట్‌ది కదా" అన్నరు. పిల్లగాడు ఒక్కడే కదా, కార్డు ఎవరిదైతేంది?

అట్లని ప్రైవేటు దండుగ అనను. టైఫాయిడ్, అమ్మవారు పోసే చికెన్‌పాక్స్, ఫ్లూ, 'హెపటైటిస్-ఏ' కామెర్లు, వీటి టీకాలు సర్కారు లిస్టుల లేవు. గవదబిళ్లలది సుత లేదు, సర్కారుది తట్టు, రుబెల్లా రెండింటి ఎంఆర్. వానకాలం మోరి నీళ్లు నల్లాల కలిసే మా దిక్కు టైఫాయిడ్ సూది వేపించుకోవాలె, పైసలు పోతయి గానీ అది ఆడనే దొరుకుతది. నాకు కోపం వచ్చింది కోరింత దగ్గు కలిసిన టీకాను 'నొప్పి లేని సూది' అని అమ్మే తీరుకు. దాంతోటి జరం తక్కువొస్తది, నిజమే. కానీ కోరింత దగ్గుకు పాతరకం టీకా కాపాడినంత కాలం ఇది కాపాడదు. ఆ ముక్క చెప్పకుండ, సర్కారు టీకా అంటె మోటుది అన్నట్టు మాట్లాడుడు బాగలేదు.

మా బిడ్డ బిడ్డకు మొన్న మూడున్నర నెలల టీకాలయినయి. నోట్ల పోలియో చుక్కలు, విరేచనాలు రాకుండ రోటా చుక్కలు. ఎడమ తొడకు పెంటావాలెంట్, కుడి తొడకు నిమోనియా సూది, కుడి రెట్టకు చిన్న పోలియో సూది. ఏది ఏ రోగానికో పేరుపేరున చెప్పి వేస్తది. పెంటా ఒక్కదాంట్లనే ఐదున్నయి: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ (నిమోనియా, మెదడు పొర వాపు తెచ్చే పురుగు). మల్ల మమ్మల్నే అడుగుతది: "ఏం చెప్పిన, చెప్పుండ్రి?" బడిపంతులమ్మ లెక్క. మొదట్ల నవ్వొచ్చింది గానీ, రాత్రి పిల్లకు జరం వచ్చినప్పుడు గాబరా కాకుండ చేసింది ఆ అడుగుడే. ఒకటి రెండు రోజులు జరం వస్తదని, పిల్ల తూకాన్ని బట్టి మందు చుక్కలు ఎన్నో కార్డు ఎనుక రాసిచ్చింది. వాపు మీద చల్లని తడిగుడ్డ వేయాలె, కాపడం పెట్టొద్దు, పసుపు రాయొద్దు, పిసకొద్దు. పిల్ల పాలు పట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా, డొక్కలెగరేసినా, లేపితే లేవకపోయినా ఆమె కోసం ఆగొద్దు, అర్ధరాత్రైనా సక్కగ వరంగల్ పెద్ద సర్కారు దవఖాన ఎంజీఎంకు పోవాలె.

సూది అయినంక అరగంట ఆడనే కూసోబెడుతది. అందరు గునుగుతరు, నేను సుత గునిగిన. ఎవరికన్న పడకపోతే ఆ అరగంటలనే తెలుస్తదట.

ఒకరోజు నేనే అడిగిన, ఈ ఎండలకు మీ మందులు ఖరాబు కావా అని. వేరేటోళ్లైతే కసురుకుందురు. ఆమె నీలం ఐస్ డబ్బాలకెల్లి చిన్న సీసా తీసి చూపించింది. లేబుల్ మీద ఊదారంగు గుండ్రం, నడుమ తెల్లటి చదరం. వేడి తగిలినకొద్ది ఆ చదరం రంగు ముదురుతది. గుండ్రంతోటి సమానమైనా, దాన్ని దాటినా ఆ సీసా వాడరు. ఎన్ని ఏండ్లు రంగుల నూలు చూసిన కండ్లో ఇవి, ఏ రంగు ఎంత ముదిరిందో నాకు ఒకరు చెప్పాల్నా? ఆనాటిసంది పోయినప్పుడల్లా సీసా చూపించమంట. చూపిస్తది.

పురిటి తర్వాత ఇంటికొచ్చే ఆశా కార్యకర్త, మా ఆశమ్మ సంగతి సుత ఈ సెంటర్ లెక్కలనే రాయాలె. పసిపిల్ల పుట్టినప్పుడు 2 కిలోల 400 గ్రాములు. రెండున్నరకు తక్కువైతే తక్కువ బరువే. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవయ్యొకటి, ఇరవయ్యెనిమిది, నలభై రెండు, ఈ లెక్కన రావాలె, వచ్చింది. జోలె కాంటా తెచ్చి తూచింది, చంకల థర్మామీటర్ పెట్టింది, బొడ్డు చూసింది. బొడ్డుకు నూనె వద్దు, పౌడర్ వద్దు, ఏం వద్దు, ఆరనీయుండ్రి అన్నది. తల్లి రొమ్ముల నడుమ తోలుకు తోలు తగిలేటట్టు పండబెట్టుమన్నది. మా బిడ్డ సిగ్గుపడ్డది, ఆశమ్మ తలుపేసి చేసి చూపించింది. ఈ ఎండల్ల నోరు తడుపనీకె చెంచా నీళ్లన్న పోయొద్దా అని నేను కొట్లాడిన. "ఆరు నెలలు తల్లిపాలే పెద్దమ్మా, పాలల్ల నీళ్లు లేవా? రోజుకు ఆరు సార్లు తక్కువ కాకుండ ఉచ్చ పోస్తుందా, చూసుకో" అన్నది. లెక్కపెట్టినం, పోస్తుంది.

పుట్టిన్నాడు టీబీ రాకుండ ఎడమ రెట్టకు వేసిన బీసీజీ కొన్ని వారాలకు బొబ్బ లెక్క లేస్తది, చీము పట్టి పగులుతది. ఇది దవఖానలనే చెప్పి పంపాలె, మాకు ఎవరు చెప్పలే, ఆశమ్మ చెప్పింది. పక్కింటామె పిండి సున్నం పెడదామని వస్తే గడపలనే ఆపిన.

ఆరేండ్లోనికి డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) రెండో బూస్టర్ ఇక్కడనే వేపించినం. ఐదారేండ్లప్పుడు వేసే ఈ సూది సంగతి మస్తు మంది మరుస్తరు, బడిల పడ్డంక దవఖాన యాదికుండదు. విటమిన్ ఏ సుత అంతే. తొమ్మిదో నెలల మొదలుపెడితే ఆర్నెల్లకొకసారి ఐదేండ్లదాక తొమ్మిది సార్లు పోయాలె, తీపిగనే ఉంటది, అయినా సగం కార్డులల్ల మూడో నాలుగో రాసుంటయి. వాని పండ్లు నాలుగు పుచ్చినయని బడికొచ్చిన ఆర్‌బీఎస్‌కే బృందం, అంటె పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు డాక్టర్ల బృందం, చూసి చీటీ రాసింది. ఆ బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి వస్తది. కండ్లు, చెవులు, గుండె చప్పుడు, మాట సక్కగొస్తుందా, అన్నీ చూస్తరు. మా పెద్దపిల్ల ప్రైవేటు బడిల చదువుతది, దానికి ఆ భాగ్యం లేదు. అందుకే దాన్ని సుత ఈ సెంటర్‌కే తెచ్చిన.

పన్నెండేండ్లది రావనీకె సతాయించింది, పసిపిల్లల లైన్ల నిలబడనన్నది. పదేండ్లకు వేసే టీడీ సూది (ధనుర్వాతం, కంఠసర్పిది) అయింది, మల్ల పదహారుకు. సిస్టరమ్మ దాన్ని పక్కకు తీసుకపోయి మాట్లాడింది, నన్ను బయటనే ఉండుమన్నది. వేలికి పొడిచి రక్తం చూసింది, తక్కువున్నది. నీలిరంగు ఐరన్ గోలీలు ఇచ్చి, అన్నం తిన్నంక వేసుకో, దాని వెంట చాయ్ తాగకు, మలం నల్లగొస్తే భయపడకు అన్నది. అది చెప్పకపోతే మా పిల్ల రెండో రోజే గోలీలు మోరిల వేసును. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల గోలీ సుత గుర్తుచేసింది. పెద్దోళ్లకు నమిలే గోలీ ఒకటి, ఏడాది నిండి రెండేండ్లు నిండనోళ్లకు సగం, పొడి చేసి నీళ్లల్ల.

ఇగ కోసిన స్టార్ సంగతి. బెంచీలు రెండు. తల్లులు గోడకు ఒరిగి నిలబడుతరు. పాలిచ్చేతందుకు తెర లేదు, కొంగే తెర. బాత్రూంకు తాళం, తాళంచెవి ఆయమ్మ కొంగుకు. పిల్లల పొడుగు కొలిచే బల్ల మూలకు పడ్డది, దాని మీద డబ్బాలు. తూకం అంత నియతిగ చేసేతాన పొడుగు కొలవకపోవుడేంది? సిస్టరమ్మ ఒక్కతే రిజిస్టర్ల రాస్తది, కార్డుల రాస్తది, మల్ల ఫోన్ల టీకాల లెక్కలుండే సర్కారు యాప్ యూవిన్‌ల ఎక్కిస్తది. నెట్‌వర్క్ పోతే లైన్ ఆగుతది. రాసేతందుకు ఇంకొకరిని ఇయ్యాలె.

బీసీజీ, ఎంఆర్ సీసాలు తెరిచినంక నాలుగు గంటలల్ల వాడకుంటే పారబోసుడే. అందుకని పొద్దుగాల పోతే ఇంకిద్దరు రానీ అని కూసోబెడుతరు. తొమ్మిది నెలల పిల్లలుంటే వాడల ఇద్దరు ముగ్గురు మాట్లాడుకొని ఒక్కటే ఆటోల పోండ్రి, జల్ది అయిపోతది. పసిపిల్లలకు తొడలు, రెట్టలు దొరికే బట్టలు వేయుండ్రి. మంచినీళ్లు మీరే తెచ్చుకోండ్రి.

మా పసిదానికి ఇగ తొమ్మిదో నెలల ఎంఆర్, విటమిన్ ఏ అసొంటివి ఉన్నయి. అప్పటికి మా బిడ్డ అత్తగారింటికి జమ్మికుంటకు పోతది. కార్డు చూపిస్తే ఆడనే వేస్తరట, యూవిన్‌ల పేరున్నది కాబట్టి మొదటికెల్లి రాసే పని లేదన్నది సిస్టరమ్మ. కార్డు మాత్రం జిరాక్స్ తీసి ఒకటి నా బీరువల పెట్టుకున్న.