సింథటిక్ బట్టల రంగు తీసే పొడి: ఏళ్ల తరబడి వాడాక

సింథటిక్ బట్ట రంగు తీయాలంటే చాలామంది క్లోరిన్ బ్లీచ్ వైపే చూస్తారు. పాలిస్టర్ రంగు దానికి లొంగదు. పైగా నైలాన్, సాగే స్పాండెక్స్ దాని దెబ్బకి పాడైపోతాయి. నేను వాడేది సోడియం హైడ్రోసల్ఫైట్ ఉన్న పొడి, చాకలి సోడాతో కలిపి.

నైలాన్ మీద దీనికి తిరుగులేదు. ముదురు ఎరుపు లైనింగ్ గుడ్డ తడిపి, పొడి కలిపిన వేడి నీళ్లలో ముంచి తిప్పుతుంటే కుట్ల పక్కన ముందు నారింజ రంగు తేలుతుంది, కాసేపటికి గుడ్డంతా లేత గంధం రంగుకి దిగుతుంది. కుట్టు దారం పాలిస్టర్ అయితే అది మాత్రం ఎర్రగానే మిగులుతుంది.

పాలిస్టర్ సంగతి వేరు. ఫ్యాక్టరీలో దానికి సుమారు 130 డిగ్రీల దగ్గర, ఒత్తిడి పెట్టి పోగు లోపలికంటా రంగు ఎక్కిస్తారు. మన పొయ్యి మీద నీళ్లు 100 దాటవు. వేడికి పోగు వదులైతేనే మందు లోపలికి పోతుంది కనుక, గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టడం దండగ. మరుగుకి కాస్త తక్కువలో అరగంట ఉంచితే ముదురు రంగు లేతబడుతుంది. తెల్లబడుతుందని మాత్రం ఆశపడొద్దు. అజో రకం రంగులు విరిగాయంటే ఇక తిరిగి రావు. ఆంత్రాక్వినోన్ రకం నీలాలు అలా కాదు, గిన్నెలో పోయినట్టే పోయి, పైకి తీశాక గాలి తగిలి మళ్లీ తేలతాయి. అలాంటి బట్టకి రెండోసారి పొడి పోయడం నేను మానేశాను. ఇక పోగు తీసేముందే, కరిగిన ప్లాస్టిక్ ముద్దలోనే రంగు కలిపేసిన పాలిస్టర్ అయితే ఏం చేసినా రంగు పోదు. అందుకే లోపలి మడతలోంచి చిన్న ముక్క కత్తిరించి ముందు దానిమీద చూసుకోవాలి.

ఉడుకు నీళ్లలోంచి తీసి నేరుగా చన్నీళ్లలో వేస్తే పాలిస్టర్‌కి పడ్డ ముడతలు ఇస్త్రీకి కూడా పోవు. గిన్నెలోనే నిదానంగా చల్లారనివ్వండి.

వాసన బాగా ఘాటు, ఆరిన అగ్గిపుల్లలా ముక్కుపుటాల్ని పట్టేస్తుంది. కిటికీలు తెరవాలి, చేతులకి గ్లవ్స్ ఉండాలి, ఉబ్బసం ఉన్నవాళ్లు దగ్గరికి రాకూడదు. వంటకి వాడని స్టీలు గిన్నె ఒకటి దీనికే కేటాయించాలి. బ్లీచ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు.

నైలాన్ కోసమైతే కళ్లు మూసుకుని మళ్లీ కొంటాను. పాలిస్టర్‌కి మాత్రం, మీద ఇంకో ముదురు రంగు అద్దే ఉద్దేశం ఉంటేనే. పొడికి తేమ తగిలితే పస పోవడమే కాదు, వేడెక్కి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అందుకని ఎప్పుడూ చిన్న ప్యాకెట్లే తెచ్చుకుంటాను.