ఆఫీసు ల్యాప్‌టాప్ వేరు, సొంత కంప్యూటర్ వేరు: నాలుగేళ్ల అనుభవం

ఇంటి నుంచి పని చేయడానికి సంస్థ నాకు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ మొదటి రోజు నుంచే ఉంది. నేను సంతకం చేసిన నిబంధనల్లో ఆ మాట ఉన్నప్పటికీ, అది ఏమేమి చూస్తుందో తెలియడానికి నాకు ఏడాది పట్టింది. ఆ తర్వాతి మూడేళ్లుగా సొంత పనులకు వేరే కంప్యూటర్ వాడుతున్నాను.

ఈ సాఫ్ట్‌వేర్ ప్రతి పది నిమిషాల్లో ఎన్ని సెకన్లు కీబోర్డు గానీ మౌస్ గానీ కదిలిందో లెక్కగట్టి శాతంగా చూపిస్తుంది, మధ్యమధ్యలో స్క్రీన్‌షాట్ తీసి సర్వర్‌కు పంపుతుంది, ఏ వెబ్‌సైటు ఎంతసేపు తెరిచి ఉందో నమోదు చేస్తుంది. పని గంటల లెక్కలో దీనికి వంక పెట్టలేను. అదనపు గంటలు పనిచేసిన నెలల్లో ఆ లెక్కే నాకు ఆధారమైంది. పనిని కొలవడంలో మాత్రం ఇది పూర్తిగా విఫలమైంది. ఒక సుదీర్ఘ ఒప్పందాన్ని అచ్చు తీసుకుని గంటన్నర చదివి, అందులో రెండు పెద్ద పొరపాట్లు పట్టుకున్న రోజున నేను దాదాపు ఖాళీగా కూర్చున్నట్టు నమోదైంది. ఆ అంకెకు భయపడి కొన్నాళ్లు నిదానంగా చదవడమే మానేశాను. ఆ నష్టం నాకూ సంస్థకూ కూడా.

అసలు దెబ్బ మరోచోట తగిలింది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే వాట్సాప్ వెబ్ తెరిచి, అమ్మ వైద్య పరీక్షల ఫలితాల గురించి చెల్లెలితో మాట్లాడుకున్నాను. నెలాఖరు సమీక్షలో మేనేజరు గారు స్క్రీన్‌షాట్లు తిప్పుతుండగా ఆ సందేశాలు తెర మీదకు వచ్చాయి. ఆమె ఏమీ అనకుండా వెంటనే తర్వాతి చిత్రానికి వెళ్లారు గానీ, ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. వాట్సాప్ ఎన్‌క్రిప్షన్ (సందేశాన్ని ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చే పద్ధతి) సందేశాన్ని దారిలో కాపాడుతుందే తప్ప, తెర మీద కనిపిస్తున్న అక్షరాలను కాపాడలేదు. బ్రౌజింగ్ చరిత్రను దాచిపెట్టని ఇన్‌కాగ్నిటో విండోకైనా, ఇంటర్నెట్ రాకపోకలను దారిలో దాచేందుకు సొంతంగా పెట్టుకున్న వీపీఎన్‌కైనా ఇదే పరిమితి ఉంది. ఏ వెబ్‌సైటును నమ్మాలో యంత్రానికి చెప్పే రూట్ సర్టిఫికెట్‌ను సంస్థ తన తరఫున ఆ యంత్రంలో పెట్టి ఉంటే, తాళం గుర్తు ఉన్న వెబ్‌సైట్ల సమాచారాన్ని కూడా మధ్యలో విప్పి చూడగలదు.

ముందు అదే ల్యాప్‌టాప్‌లో వేరే బ్రౌజర్ వాడి చూశాను. అడ్మిన్ హక్కులు, అంటే ఏ మార్పైనా చేసే అధికారం, సంస్థ చేతిలో ఉన్న యంత్రంలో అది పనికిరాని ప్రయత్నం. అందుకే ఒక పాత కంప్యూటర్ తీసుకుని, రెండు యంత్రాలకూ ఒకే మానిటరు, కీబోర్డు సరిపోయేలా కేవీఎమ్ స్విచ్ పెట్టుకున్నాను. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఇంట్లోని మిగతా పరికరాలతో కలవకుండా రూటర్‌లోని గెస్ట్ వైఫైకి మార్చాను.

అయినా గోడకు కన్నాలు మిగిలాయి. అంతకుముందెప్పుడో ఆఫీసు ల్యాప్‌టాప్‌లోని క్రోమ్‌లో సొంత ఖాతాతో లాగిన్ అయ్యి ఉండటంతో, ఖాతా వివరాలను అన్ని పరికరాలకూ చేర్చే సింక్ ద్వారా నా పాస్‌వర్డ్‌లు అక్కడికి చేరుతూనే ఉన్నాయని ఆర్నెల్ల తర్వాత గమనించి, వాటన్నింటినీ మార్చుకోవలసి వచ్చింది. సొంత విండోస్ కంప్యూటర్‌లో ఆఫీసు ఖాతా చేర్చేటప్పుడు, ఈ పరికరాన్ని సంస్థ నిర్వహించడానికి అనుమతిస్తారా అన్న ప్రశ్న వస్తుంది. చదవకుండా ఒప్పుకుంటే వేరు చేసిన ప్రయోజనమే పోతుంది. ఫోన్ విషయంలో మాత్రం, ఆఫీసు యాప్‌లను సొంత వాటి నుంచి వేరుగా ఉంచే, 2014లో ఆండ్రాయిడ్ 5.0తో వచ్చిన వర్క్ ప్రొఫైల్ నాకు బాగా నచ్చింది. సొంత ఫోన్‌లో పెట్టుకున్నప్పుడు, సంస్థ ఆ ప్రొఫైల్‌ను చెరిపివేసినా నా ఫొటోలు, సందేశాలు అలాగే ఉంటాయి.

లోపాలు లేకపోలేదు. ప్రయాణాల్లో రెండు యంత్రాలు మోయాలి, జీతం రసీదు లాంటి చిన్న ఫైలు కూడా అడిగి మెయిల్‌లో తెప్పించుకోవాలి. నాకు ఇవి భరించదగినవే.

యాజమాన్యం చూడకూడదని నేను అనడం లేదు. ఎంత మేరకు చూస్తున్నదో ముందే చెప్పాలి. యాజమాన్యం తన సందేశాలను చూసిందంటూ రొమేనియా ఉద్యోగి బర్బులెస్కు వేసిన కేసులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2017 తీర్పులో ఎత్తిచూపిన అంశాల్లో ఇదీ ఒకటి. మా నిబంధనల్లో ఉన్న ఒక్క వాక్యం ఆ పని చేయలేదు. స్క్రీన్‌షాట్లు ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు దాస్తారో నేను రాతపూర్వకంగా అడిగాకే సమాధానం వచ్చింది.

గత నెల ఆ ల్యాప్‌టాప్‌ను మార్చి కొత్తది ఇచ్చారు. పాతది తిరిగి అప్పగించేటప్పుడు, అందులోంచి తీసుకోవలసిన సొంత ఫైలు ఒక్కటీ లేదు.