అరోరా కోసం ట్రోమ్సోలో మూడు రాత్రులు, అబిస్కోలో రెండు

శ్రీహరికోటలో రాకెట్ లేచిన ప్రతిసారీ మిద్దె ఎక్కి దక్షిణం వైపు చూసే నెల్లూరు వాళ్లం కాబట్టి, ఆకాశంలో ఒక వెలుగు కోసం మెడ పట్టేసేదాకా నిలబడటం నాకూ మా శ్రీమతికీ అలవాటే. 2025 మార్చిలో ఆర్కిటిక్ వలయం దాటి, నార్వేలోని ట్రోమ్సోలో మూడు రాత్రులు, స్వీడన్‌లోని అబిస్కోలో రెండు రాత్రులు అరోరా కోసం, అంటే ధ్రువాల దగ్గరి ఆకాశంలో రాత్రిపూట కదలాడే రంగుల వెలుగు కోసం, అదే పని చేశాము.

ట్రోమ్సో 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉన్నప్పటికీ, వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల అక్కడి చలి మేము భయపడినంత లేదు. రాత్రివేళ సున్నాకు ఐదారు డిగ్రీలు దిగువన ఉండేది. హోటళ్లలో భోజనం ధరలు చూస్తేనే ఆకలి చచ్చిపోతుంది కనుక, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోవడం మంచిదైంది. అది కాడ్ చేపకు మంచి కాలం. వెంట తీసుకెళ్లిన చింతపండు, మామిడి ఒరుగులతో మా శ్రీమతి పులుసు పెట్టింది గానీ ముక్క విడిపోయింది. మన కొరమీనుకున్న గట్టిదనం దానికి లేదు.

అయితే ఆ సముద్రమే మబ్బునూ తెస్తుంది. మొదటి రాత్రి నలభై మందితో బయలుదేరిన పెద్ద బస్సు ఊరికి దగ్గరలోనే ఆగింది. మబ్బు విడిచే సూచన లేకపోయినా అక్కడే మూడు గంటలు నిలబెట్టి, బిస్కెట్లు పెట్టి వెనక్కి తెచ్చారు. రెండో రాత్రి దాదాపు రెట్టింపు ధరకు చిన్న వ్యాను ఎక్కాము. దాని డ్రైవరు ఉపగ్రహ చిత్రాలు చూసుకుంటూ ఫిన్లాండ్ సరిహద్దు దాకా వెళ్లి, చుక్కలు కనిపించిన చోట ఆపాడు. విల్లులా వంగిన పలచటి అరోరా ఒకటి కనిపించింది. మూడో రాత్రి గదిలోనే గడిచింది. బయలుదేరే ముందు నెలరోజులు కేపీ సూచిక (భూమి అయస్కాంత క్షేత్రంలోని అలజడిని, దాన్నిబట్టి అరోరా బలాన్ని సున్నా నుంచి తొమ్మిది దాకా చెప్పే అంకె) లెక్కలే చదివాను గానీ, అంత ఉత్తరాన ఆ సూచిక రెండున్నా చాలు, మబ్బు లేకపోతే.

బస్సులో నార్విక్ చేరి, అక్కడ రైలెక్కి అబిస్కోలో దిగాము. పశ్చిమాన ఉన్న కొండలు సముద్రపు తేమను అడ్డుకోవడం వల్ల ఆ ఊరికి నిర్మలమైన ఆకాశం ఎక్కువ. బస మాత్రం సాదాసీదా: స్నానాలగదీ వంటగదీ అందరికీ కలిపే, దుకాణం ఒక్కటే, చలి మైనస్ పద్దెనిమిది. గడ్డకట్టిన టోర్నెట్రాస్క్ సరస్సు మీద నిలబడితే అరోరా మొదట బూడిదరంగు పొగలా కనిపించింది. ఫోనులో మాత్రం అదే పచ్చగా పడింది. పదకొండు దాటాక అది ఒక్కసారిగా పుంజుకుని, వంద కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ ఇచ్చే ఆ పచ్చదనం మామూలు కళ్లకే తెలిసింది, అంచున గులాబీరంగుతో సహా. అప్పటికి చలికి ఫోను బ్యాటరీ చచ్చిపోయింది.

అద్దాల కప్పు కింద మంచం మీద పడుకుని చూసే, ఫిన్లాండ్‌లోని రోవానియెమి గదులకు మేము వెళ్లలేదు. ఒక్క రాత్రికి అంత డబ్బు పోసినా అద్దం మబ్బును తొలగించదు కదా.

ఒంగోలులో ఉండే మా బావమరిది వచ్చే మార్చిలో వెళతానంటున్నాడు. అబిస్కోకు మూడు రాత్రులు, ట్రోమ్సోకు రెండు పెట్టుకోమనీ, అబిస్కోలో గదులు తక్కువ కనుక విమానం టికెట్ల కన్నా ముందు బస చూసుకోమనీ చెప్పాను.